బడి గోడ మీద సైనికుల పేర్లు: నల్లగొండ, పాలమూరు శిలాఫలకాల దుకాణాల పనిపై సమీక్ష

పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటే నిన్నమొన్నటి దాకా సార్లకు శాలువాలు, బడికి ఒక బీరువా, గేటు దగ్గర ఫ్లెక్సీ. ఇప్పుడు కొన్ని బ్యాచ్‌లు ఇంకో పని కూడా పెట్టుకుంటున్నాయి. ఆ బడిలో చదివి మిలటరీకి పోయి, యుద్ధాల కాలంలో కొలువు చేసినవాళ్ల పేర్లతో గోడకు ఒక గ్రానైట్ ఫలకం పెట్టిస్తున్నాయి. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్లలో శిలాఫలకాలు చెక్కే దుకాణాలు దీన్ని ప్యాకేజీగా చేసిస్తాయి. రాయి, చెక్కుడు, రంగు, రవాణా, గోడకు బిగించడం అన్నీ కలిపి ఒకే రేటు. ఈ సమీక్ష ఆ ప్యాకేజీ మీద. ఏ దుకాణం పేరూ ఇందులో ఉండదు. పని పద్ధతి, చెడిపోయే చోట్లు దాదాపు అందరివీ ఒకటే.

తీర్పు ముందే చెబితే: రాయికి ఐదులో నాలుగు మార్కులు. చెక్కుడుకు మూడు, అదీ పద్ధతి మనం చెప్పి చేయించుకుంటేనే. బిగింపుకు రెండున్నర. పేర్లు తప్పుల్లేకుండా రాయడంలో ఒకటి. మనం ఇచ్చింది ఇచ్చినట్టు చెక్కుతారు, మనం ఇవ్వనిది కూడా అప్పుడప్పుడు చెక్కుతారు. కాబట్టి డబ్బు రాయి మీద ఎంత పెట్టినా, శ్రమ మాత్రం పేర్ల జాబితా మీద పెట్టాలి.

రాయి సంగతి త్వరగా ముగిద్దాం. ఫలకానికి నల్ల గ్రానైటే మేలు, 18 నుంచి 20 మిల్లీమీటర్ల మందం చాలు. దుకాణంలో మొదట చూపించేది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. ప్రకాశం జిల్లా రాయి, నల్లటి ఒంటి మీద బంగారు మెరుపు చుక్కలుంటాయి, గుమ్మాలకూ వంటగట్లకూ అందం. అంగుళం అక్షరాలు చెక్కే ఫలకానికి మాత్రం వద్దు. ఆ చుక్కలు అక్షరాల రంగుతో కలిసిపోయి చదవడానికి ఇబ్బంది పెడతాయి. చుక్కల్లేని, ఒకే నలుపున్న రాయి అడగాలి. కరీంనగర్ టాన్ బ్రౌన్‌లో గోధుమ రంగు మచ్చలు పెద్దవి, అదీ పనికిరాదు. తాండూరు బండ చవక, ఉలికి మెత్తగా దిగుతుంది. కానీ అది సున్నపురాయి జాతి, వానకూ ఆమ్లానికీ మెల్లగా తినుకుపోతుంది. నేలకు వాడుకోవచ్చు, పేర్లకు వాడొద్దు. ఇంకో మోసం ఉంది. బూడిద రంగు గ్రానైటుకు నల్ల రంగు పట్టించి అమ్ముతారు. దూదికి అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) అద్ది, రాయి వెనక అంచున గట్టిగా రుద్దితే దూది నల్లబడుతుంది. నల్లబడితే ఆ రాయి వద్దు. రెండు మూడు ఎండాకాలాల్లో అది మళ్లీ బూడిద రంగుకే వస్తుంది. ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణందారుతో బేరం అక్కడితో ఆపొచ్చు.

చెక్కుడులో మూడు రకాలు చూపిస్తారు. లేజర్, సీఎన్‌సీ, శాండ్‌బ్లాస్టింగ్. ఏదో చెప్పకుండా ఆర్డరిస్తే లేజరే చేస్తారు, ఎందుకంటే అది తొందరగా అవుతుంది. లేజర్ నల్ల రాయి మీద పాలిష్‌ను మాత్రమే తినేస్తుంది. గీత తెల్లబూడిద రంగులో కనబడుతుంది, లోతు దాదాపు ఉండదు. వేలిగోటితో గీస్తే గోరు ఎక్కడా ఆగదు. గది లోపల అది చాలు. బడి వరండా బయట, పిల్లలు చేతులు రాసే ఎత్తులో, దుమ్మూ వానా తగిలేచోట కొన్నాళ్లకు అక్షరం మసకబారుతుంది. అందులో వేసిన రంగు పట్టు లేక పెచ్చులుగా లేస్తుంది. సీఎన్‌సీలో కంప్యూటర్ నడిపే వజ్రపు బిట్టు తిరుగుతూ చెక్కుతుంది. లోతు బాగా వస్తుంది కానీ బిట్టు అరిగిందంటే తెలుగు అక్షరాల సన్న మలుపులు మొద్దుబారతాయి. తలకట్టు అక్షరానికి అతుక్కుపోతుంది.

శాండ్‌బ్లాస్టింగ్‌లో ప్లాటర్ అనే కోత యంత్రం మీద వినైల్ లేదా రబ్బరు స్టెన్సిల్ కోసి, రాయికి అంటించి, కంప్రెసర్‌తో ఇసుకలాంటి గరుకు పొడిని కొడతారు. కోసి తీసేసిన చోట రాయి తినుకుపోతుంది. రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల లోతు అడగాలి. బయట గోడకు ఇదే సరైన పద్ధతి. అయితే తెలుగుకు ఇందులో ఒక చిక్కుంది. సున్న మధ్యలో మిగిలే చిన్న వినైల్ ముక్కను చుట్టూ పట్టుకునేది ఏమీ ఉండదు. పొడి జోరుకు అది ఎగిరిపోతే సున్న గుండ్రటి గుంట అయిపోతుంది. ‘ర’ మధ్యలోనూ ఇదే. అంజయ్య, వెంకటయ్య, లింగయ్య, పెంటయ్య, నర్సింహ, రాములు: మన రెండు జిల్లాల్లో సున్నగానీ రకారంగానీ లేని పేరు వెతుక్కోవాలి! అందుకే అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్లకు తగ్గనివ్వొద్దు. రెండో వరుసలో యూనిట్ పేరు చిన్నగా రాయాలన్నా 15కు దిగొద్దు. ‘థ’లో చుక్క, ‘ధ’ ‘ఢ’ ‘ఫ’ల కింది గీత ఇంకా చిన్న అక్షరాల్లో ఉండీ లేనట్టే. కొట్టడానికి ముందు స్టెన్సిల్ అంటించిన రాయి ఫొటో పంపమని అడగండి. లోపలి ముక్కలన్నీ చోటులో ఉన్నాయో లేవో ఆ ఫొటోలోనే తెలిసిపోతుంది. కొట్టాక తెలిస్తే అందరూ బాధపడటం తప్ప చేసేదేమీ లేదు.

రంగు దగ్గర దుకాణం బంగారు రంగే అంటుంది. డబ్బాలో దొరికే ఆ గోల్డ్ పెయింట్‌లో ఉండేది రాగి, జింకు కలిసిన పొడి. గది లోపల మెరుస్తుంది. బయట ఎండావానలకు గోధుమ రంగుకో, పచ్చదనానికో తిరుగుతుంది. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు కొత్తేమీ కాదు, నల్ల రాయి ముఖం అంతకన్నా ఎక్కువ కాలుతుంది. తెలుపు లేదా మీగడ రంగులో బయటి వాడకానికి పనికొచ్చే పెయింట్ వేయించుకుంటే ఎక్కువకాలం నిలుస్తుంది, వెలిసినా మళ్లీ వేయడం సులువు. అక్షరానికి లోతుంటే పెయింటర్ ఎవరైనా ఒక పూటలో వేసేస్తాడు. ఇత్తడి పలక వద్దా అని కొందరు అడుగుతారు. ఇత్తడి దొంగ చేతికి చిక్కే లోహం. పైగా పీతాంబరితో తోమీ తోమీ అక్షరాల్లోని రంగు ఊడిపోతుంది. హెచ్ఎం గదిలో పెట్టేదైతే సరే.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. పేర్లను వాట్సప్‌లో పెట్టమంటారు. మనం పెట్టేది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే రూపం. దుకాణాలకు పని చేసిపెట్టే డీటీపీ వాళ్లలో చాలామంది ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో పనిచేస్తారు. యూనికోడ్ అక్కడ అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. లేదంటే కన్వర్టర్‌లో వేస్తారు, అప్పుడు కొన్ని అక్షరాలు మారిపోతాయి. ఇవేవీ కుదరకపోతే కుర్రాడు చూసి మళ్లీ టైపు చేస్తాడు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. రాజ్‌కుమార్ అన్నది రాజ్కుమార్ అయిపోతుంది. పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విరామ సంకేతం ఉంటుంది, కన్వర్షన్‌లో అది పోతుంది. అబ్దుల్‌రహీం లాంటి పేర్లకూ ఇదే గతి. వీటిని రెండు ముక్కలుగా, మధ్యలో ఖాళీతో రాస్తే సమస్యే రాదు.

సరైన దారి ఏమిటంటే, పేర్లను మనమే యూనికోడ్‌లో అమర్చి, అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వాలి. అప్పుడు దుకాణం కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉన్నా లేకపోయినా ఆకారం మారదు. ఉచితంగా దొరికే ఫాంట్లలో శీర్షికకు రామభద్ర బాగుంటుంది, లావు గీత కాబట్టి స్టెన్సిల్ గట్టిగా నిలుస్తుంది. పేర్లకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు బోల్డ్. వంకర్లు, ముడులు ఎక్కువున్న అలంకార ఫాంట్లు పెళ్లికార్డుకు సరిపోతాయి, రాయికి కాదు. తర్వాత అసలు సైజులో కాగితం మీదో, చవక ఫ్లెక్సీ మీదో ప్రూఫ్ వేయించి, బడి గోడకు అంటించి చదవాలి. ఒకరు పేరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఇంటివాళ్లు పేరు రాసి సంతకం చేసిచ్చిన కాగితం చూసుకుంటూ టిక్కు పెట్టాలి. రెండోసారి కింది నుంచి పైకి చదవాలి. తెలుగు సారు ఒకరు చూస్తే ఇంకా మంచిది. ప్రూఫ్ మీద సంతకం చేశాక ‘చిన్న మార్పే సార్, మేమే చేసేస్తం’ అంటే ఒప్పుకోవద్దు. ఆ చిన్న మార్పు కోసం మొత్తం మళ్లీ టైపు చేసిన సందర్భాలున్నాయి.

చెక్కుడు రేటు అక్షరం లెక్కనా, చదరపు అడుగు లెక్కనా అన్నది ముందే తేల్చుకోవాలి. అక్షరం లెక్క అయితే ఒత్తు, గుణింతం విడిగా కడతారా లేదా కాగితం మీద రాయించుకోండి. ‘కృష్ణ’ రెండక్షరాలా ఐదా అన్న పంచాయితీ బిల్లు రోజున పెట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఫలకంలో ఎన్ని పేర్లు పడతాయో దుకాణంలో ఉజ్జాయింపుగా చెప్తారు, ఎక్కువే చెప్తారు. లెక్క ఇదీ: చుట్టూ మూడేసి అంగుళాల అంచు పోతే 42 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు మిగులుతుంది. బడి పేరు, శీర్షికకు ఏడు అంగుళాలు తీసేయండి. పైన గుడి, కింద ఒత్తు ఉండే లిపి కాబట్టి అంగుళం అక్షరానికి వరుసకు కనీసం 1.7 అంగుళాలు కావాలి. అంటే 13 వరుసలు, రెండు నిలువు వరుసలుగా 26 పేర్లు. ప్రతి పేరు కింద యూనిట్, ఏ యుద్ధం అన్నది కూడా రాయాలంటే ఇందులో సగమే పడతాయి. అంతకు మించి కుక్కితే అక్షరం చిన్నదవుతుంది, సున్నలు గుంటలవుతాయి.

ఒకే పలక వేయించడం కన్నా మంచి పద్ధతి ఇంకొకటుంది, అడిగితేనే చేస్తారు. శీర్షికకు ఒక రాయి, ఒక్కో పేరుకు 18 అంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు పట్టీ. ఒక్కో పట్టీ బరువు దాదాపు రెండు కిలోలు. ఒక పేరు తప్పు పడితే ఆ పట్టీ ఒక్కటే మారుతుంది. ఆవిష్కరణ అయిన నెలకు ‘మా నాయన కూడా 71 యుద్ధంల ఉండె’ అని ఎవరో ఒకరు వస్తారు, తప్పకుండా వస్తారు. పట్టీలైతే వాళ్లకు చోటుంటుంది. రాయి కోత పెరుగుతుంది కాబట్టి ఖర్చు కొంత ఎక్కువ. అయినా ఈ మొత్తం ప్యాకేజీలో ఎక్కువ డబ్బుకు తగిన ఫలం దక్కేది ఇక్కడే.

జాబితా ఎక్కడి నుంచి తేవాలన్నది దుకాణం పని కాదు. కానీ ఫలకం బాగోగులు తేలేది దాని మీదే కాబట్టి చెప్పక తప్పదు. మొదట బడి అడ్మిషన్ రిజిస్టరు. అతను ఈ బడిలో చదివాడనడానికి అదే రుజువు. నిజాం కాలం నాటి రిజిస్టర్లు ఉర్దూలో, ఫసలీ (నిజాం సర్కారు రెవెన్యూ లెక్కల క్యాలెండర్) సంవత్సరాల్లో ఉంటాయి. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తేదీలకు 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలపాలి. 1350 ఫసలీ అంటే 1940 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా. దీన్ని హిజ్రీ అనుకుని లెక్క వేస్తే మనిషి వయసు పదేళ్లు అటూ ఇటూ అవుతుంది.

రెండోది డిశ్చార్జి బుక్కు. మాజీ సైనికుల ఇళ్లలో ఇది పాలిథీన్ సంచిలో భద్రంగా ఉంటుంది. హోదా, యూనిట్, తేదీలు, పతకాలు అందులో ఉంటాయి. యుద్ధంలో ఎక్కడున్నారన్నది పతకాలే చెప్తాయి. 1965లో సమర్ సేవా స్టార్ ఉంటే యుద్ధరంగంలో ఉన్నట్టు, ఒక్క రక్షా మెడల్ మాత్రమే ఉంటే ఆ కాలంలో కొలువులో ఉన్నట్టు. 1971కి తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్‌ను ఇంకా ఎక్కువమందికి ఇచ్చారు. ‘ఆపరేషన్ విజయ్’ అని ఉంటే వెంటనే కార్గిల్ అనుకోవద్దు, 1961లో గోవాకూ అదే పేరు. ‘65 యుద్ధంల బీఎస్ఎఫ్‌ల ఉండె’ అని ఎవరైనా అంటే ఆగి చూడాలి. ఆ యుద్ధంలో కాల్పుల విరమణ సెప్టెంబరు 23న, బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) పుట్టింది డిసెంబరు 1న. ఆయన వేరే దళంలో ఉండి తర్వాత అందులోకి వచ్చి ఉంటారు. నాయబ్ సుబేదార్ అన్న హోదా పేరు కూడా 1965 నుంచే, అంతకుముందు జమేదార్. రెండో ప్రపంచ యుద్ధం నాటి మనిషికి జమేదార్ అనే రాయాలి.

ఆ యుద్ధం పేర్లలో ఇంకో తికమక ఉంది. ‘హైదరాబాద్ రెజిమెంట్’ అంటే మనవాళ్లదే అనుకుంటారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యానిది, ఎక్కువగా ఉత్తరాదివాళ్లు ఉండేవారు. 1945 అక్టోబరు 27న అది కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సంస్థాన సేనలోని హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ వేరు. దాని ఒకటో పటాలం 1941 డిసెంబరులో మలయాలో కోట భారు విమానాశ్రయం కాపలాలో ఉంది. మలయా, బర్మాల్లో పోయినవాళ్ల పేర్లకు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ ఉచితం, బాగా పనిచేస్తుంది. రెండో యుద్ధానికి అందులో 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా మరణాలున్నాయి. వెతుకులాటలో ఇంగ్లీషు స్పెల్లింగులు నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి, మల్లయ్య అన్న పేరుకే మూడు రకాలు తగులుతాయి. స్వాతంత్ర్యం తర్వాత వీరమరణం పొందినవాళ్లకు ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైట్ ఉంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకంలోని త్యాగచక్రం గోడల మీది పేర్లను అందులో వెతకొచ్చు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల నమోదు ఉంటుంది. హెచ్ఎం లెటర్‌హెడ్ మీద, ఊళ్ల పేర్లతో అడిగితే పని జరుగుతుంది. నోటితో అడిగితే జరగదు. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట వేరయింది కాబట్టి సూర్యాపేట, భువనగిరి వాళ్ల పాత కాగితాలు ఉమ్మడి నల్లగొండ పేరుతోనే ఉంటాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేటలవి మహబూబ్‌నగర్ పేరుతో ఉంటాయి. 2023లో ‘మేరీ మాటీ మేరా దేశ్’ కింద గ్రామపంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టారు. మీ ఊళ్లో ఉంటే పోల్చి చూసుకోండి, కానీ దాన్ని గుడ్డిగా ఎత్తి రాయొద్దు.

ఎవరిని చేర్చాలి అన్నదానికి నియమం కాగితం మీద ముందే రాసుకుని, తర్వాతే పేర్లు తీసుకోవాలి. 1962, 65, 71, కార్గిల్ మాత్రమేనా? 1987 నుంచి 90 దాకా శ్రీలంకలో ఆపరేషన్ పవన్‌లో ఉన్నవాళ్ల సంగతేంటి, 1984 నుంచి సియాచిన్‌లో ఉన్నవాళ్లు? యుద్ధం ప్రకటించలేదు కాబట్టి వదిలేస్తామంటే గల్వాన్ కూడా వదలాల్సి వస్తుంది. 2020 జూన్ 15న అక్కడ వీరమరణం పొందిన 16 బిహార్ పటాలం కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట, ఆయనకు మహావీర్ చక్ర వచ్చింది. సూర్యాపేటలో ఫలకం అంటే ఆయన్ను వదలడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే ‘యుద్ధాలు, సైనిక చర్యలు’ అని పెట్టుకోవడం మంచిది. ఆయన చదివింది కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఊరివాడు వేరు, బడివాడు వేరు. బడి ఫలకం మీద ఆ బడి రిజిస్టరులో ఉన్నవాళ్లే ఉండాలి, ఊరి పెద్దలు ఎంత అడిగినా. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న పూర్వ విద్యార్థుల పేర్లూ ఇందులోనే చెక్కాలని నల్లగొండలో తప్పక అడుగుతారు. న్యాయమైన కోరికే. దానికి వేరే ఫలకం కావాలి, ఎందుకంటే 1948లో సంస్థాన సేనలో ఉన్నవాళ్లనూ, వాళ్లతో తలపడ్డవాళ్లనూ ఒకే వరుసలో పేర్చడం రెండు ఇళ్లకూ నచ్చదు.

శీర్షిక విషయంలో దుకాణాలు తరచూ చేసే తప్పు, అందరి మీదా ‘అమరవీరులు’ అని చెక్కేయడం. బతికున్న పెద్దమనిషి ఆవిష్కరణ రోజున వచ్చి ఆ శీర్షిక కింద తన పేరు చూసుకోవాల్సి వస్తుంది. వీరమరణం పొందినవాళ్లు పైన విడిగా, సేవ చేసినవాళ్లు కింద. కీ.శే. అన్నది ఎవరికీ వద్దు, కొందరికే పెడితే నాలుగేళ్లలో మిగతావాళ్ల విషయంలో అది తప్పుడు సమాచారం అయిపోతుంది. వరుస క్రమం హోదాను బట్టి పెడితే గొడవ. పదో తరగతి సంవత్సరం, ఒకే ఏడాదివాళ్లయితే అకారాది. సర్వీసు నంబరు, పుట్టిన తేదీ, ఇంటి వివరాలు రాయి మీద అక్కర్లేదు, కమిటీ ఫైల్లో ఉంటే చాలు. ప్రతి ఇంటి నుంచీ ‘పేరు ఇలా రాయండి’ అని వాళ్ల చేత్తోనే తెలుగులో రాయించి సంతకం తీసుకోవాలి. సైన్యం కాగితాల్లో పేర్లు ఇంగ్లీషులో, హిందీ ఉచ్చారణకు దగ్గరగా ఉంటాయి. వాటి నుంచి తెలుగులోకి తిప్పితే యాదయ్య యదియా అవుతాడు.

ఆవిష్కర్తల పేర్ల గురించి ఒక మాట. దుకాణం దగ్గరున్న నమూనాలన్నీ సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు శంకుస్థాపనలవి. పై సగమంతా ప్రోటోకాల్ పేర్లు, కింద దాతలు, మిగిలిన చోట అసలు విషయం. అదే నమూనాలో పోస్తే సైనికుల పేర్లు దాతల పేర్ల కన్నా చిన్నగా వస్తాయి. ప్రోటోకాల్ పేర్లకు వేరే చిన్న రాయి పెట్టండి, అందరి మర్యాదా నిలుస్తుంది. అదే నమూనాల్లో మూడు సింహాల గుర్తు కూడా అలవాటుగా వస్తుంది. 2005 చట్టం ప్రకారం రాజముద్రను అనుమతి లేకుండా వాడకూడదు. సైన్యం చిహ్నాలకూ చేయి పెట్టకపోవడమే మంచిది. బడి పేరు, ఒక గీత, చాలు.

ఫొటోలు చెక్కించాలనుకుంటే మాత్రం లేజరే వాడాలి, అదీ గది లోపలి రాయికే. పాత పాస్‌పోర్టు ఫొటోను 600 డీపీఐలో స్కాన్ చేసివ్వాలి. దుకాణంలో యాప్‌తో ‘క్లియర్’ చేస్తామంటారు, వద్దనండి. ముఖం నున్నగా ఎవరిదో అయిపోతుంది, భుజం మీది గుర్తులు, రిబ్బన్లు యాప్ తన ఇష్టం వచ్చినట్టు గీస్తుంది. క్యూఆర్ కోడ్ అదనంగా వేస్తామన్నా తొందరపడొద్దు. ఉచిత సైట్లలో చేసే కొన్ని కోడ్‌లు గడువు తీరాక తెరుచుకోవు, రాయి మీద ఆ గళ్లు మాత్రం మిగులుతాయి.

ఇక బిగింపు. నాలుగు బై మూడు అడుగుల 20 మిల్లీమీటర్ల పలక 60 నుంచి 65 కిలోలుంటుంది. నాలుగు మూలలా నాలుగు మిర్రర్ స్క్రూలు, వెనకాల సిమెంటు ముద్ద, ఇదే దుకాణాల పద్ధతి. గ్రానైట్ నీళ్లు పీల్చదు, సిమెంటు పట్టు దానికి తక్కువ. గోడ లప్పం మీద అంటిస్తే లప్పంతో సహా ఊడుతుంది. పిల్లలు నిలబడే చోట ఇది ప్రమాదం. ప్లాస్టరింగ్ గీకి ఇటుక దాకా పోవాలి. పలక అడుగున బరువు మోసేలా రాతి పట్టీ గానీ స్టీల్ యాంగిల్ గానీ ఉండాలి, బోల్టులు పట్టుకోవడానికే తప్ప మోయడానికి కాదు. 8 లేదా 10 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ యాంకర్ బోల్టులు నాలుగు, రంధ్రం అంచు నుంచి కనీసం మూడంగుళాల లోపల. రాయికి రంధ్రం దుకాణంలోనే, నీళ్లు పోస్తూ డైమండ్ బిట్‌తో వేయాలి. బడికొచ్చి హామర్ డ్రిల్‌తో కొడితే మూల విరుగుతుంది, అప్పుడు నేరం రాయి మీదికి నెడతారు. ట్రాలీ ఆటోలో పలకను నిలువుగా, అంచు మీద నిలబెట్టి తేవాలి. పడుకోబెట్టి తెస్తే స్పీడ్ బ్రేకర్ల దగ్గర మధ్యలో చీలుతుంది. పడమటి ఎండ తగలని, ట్యాంకు పైపులు లేని గోడ చూసుకోండి. ప్రభుత్వ బడి కాబట్టి హెచ్ఎం ద్వారా పై అధికారులకు రాతపూర్వకంగా అడిగి అనుమతి కాగితం తీసుకున్నాకే గోడకు చేయి పెట్టాలి.

మే నెలలో సిమెంటు పని పెట్టుకోవద్దు, సరిగా తడిపేవాళ్లుండరు. డిసెంబరు బాగుంటుంది, 7న సాయుధ దళాల పతాక దినం, 16న విజయ్ దివస్. ఆవిష్కరణ తెరను టేపుతో రాయికి అంటిస్తే టేపుతో పాటు రంగు వస్తుంది. పైన రెండు కొక్కేలు పెట్టించుకుంటే తెరకూ, తర్వాత దండలకూ పనికొస్తాయి. కుంకుమ అక్షరాల గుంటల్లో దిగితే తీయడం కష్టం, దాన్ని కింది అంచుకే పరిమితం చేయండి. కడగడానికి బోరు నీళ్లు వాడొద్దు. మన బోర్లలోని ఉప్పుకు నల్ల రాయి మీద తెల్ల చారలు కడతాయి. బాత్‌రూం యాసిడ్‌తో ఆ చారలు పోగొట్టబోతే రంగూ పోతుంది. తాగే ఫిల్టర్ నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. బడికి సున్నం వేసేటప్పుడు పలక మీద పాత పేపరు కప్పమని పెయింటర్‌కు చెప్పే మనిషి ఒకరుండాలి. చాలా బడుల్లో పాత ఫలకాల అక్షరాలు సున్నం కిందే ఉన్నాయి.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. రాయి చూసి కొంత, ప్రూఫ్ మీద సంతకాలయ్యాక కొంత, గోడకు బిగించి పేర్లు మళ్లీ చదివాక మిగతాది. తప్పు మీ కాగితంలో ఉంటే ఖర్చు మీది, చెక్కుడులో ఉంటే పట్టీ వాళ్లే మార్చాలి అని బిల్లు మీద ఒక వాక్యం రాయించుకోండి. కోరల్ ఫైలు, పీడీఎఫ్, వాడిన ఫాంటు పేరు, అక్షరం ఎత్తు, రాయి రకం, దాని మందం అన్నీ హెచ్ఎం ఆఫీసులో సంతకాల కాగితాలతో పాటు ఒకే ఫైల్లో ఉండాలి. కొత్త పేరు వచ్చినప్పుడు పట్టీ పాతవాటితో సరిపోయేది ఆ ఫైలు ఉంటేనే, దుకాణాలు ఏడాది దాటాక ఫైళ్లు దాచవు.